సాయం ఎవరి బడ్జెట్‌లో ఉంది? ఉగాండా పేదరిక కార్యాచరణ నిధి: ఒక కేస్ స్టడీ

అంతర్జాతీయ అభివృద్ధి సాయం గురించి జరిగే చర్చ చాలావరకు సాయం మొత్తం ఎంత అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతాన్ని సాయంగా ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1970లోనే తీర్మానించింది. ఆ లక్ష్యాన్ని ఏటా అందుకుంటున్న దేశాలను ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి పేద దేశాల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే సాయం పుచ్చుకునే దేశపు ఆర్థిక శాఖలో బడ్జెట్ తయారుచేసే అధికారిని అడిగితే, మొత్తం మాటకు ముందే వేరే ప్రశ్నలు వస్తాయి. ఈ డబ్బు మా బడ్జెట్‌లోకి వస్తుందా, దాని పక్కనుంచి పోతుందా? చెప్పిన త్రైమాసికంలోనే వస్తుందా? దేనికి ఖర్చు పెట్టాలో తేల్చేది ఎవరు? ఈ ప్రశ్నలకు గట్టి సమాధానాలు చెప్పగలిగిన దేశంగా 1990ల చివర్లో ఉగాండాకు పేరు వచ్చింది. ఆ సమాధానాల్లో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. రెండింటి కారణాలనూ బడ్జెట్ వైపు నుంచి పరిశీలించడం ఈ కేస్ స్టడీ ఉద్దేశం.

నేపథ్యం: ముందు ద్రవ్యోల్బణం, తరువాత పేదరికం

ఏళ్ల తరబడి సాగిన అంతర్యుద్ధం తరువాత 1986లో యొవేరి ముసెవెని ప్రభుత్వం అధికారంలోకి వచ్చేనాటికి ఉగాండా ఆర్థిక వ్యవస్థ దాదాపుగా కూలిపోయి ఉంది. మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 200 శాతం దాటింది. ఎగుమతి ఆదాయమంతా కాఫీ మీదే ఆధారపడి ఉండగా, 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాల విధానం కుప్పకూలి ధరలు పడిపోయాయి. 1991–92లో ఆదాయం తగ్గింది, రావలసిన విదేశీ సాయం ఆలస్యమైంది, ఖర్చు మాత్రం ఆగలేదు. ఆ లోటును నోట్లు అచ్చువేసి పూడ్చడంతో ధరలు మళ్లీ భగ్గుమన్నాయి.

1992లో ఆర్థిక శాఖను, ప్రణాళికా శాఖను ఒకటిగా కలిపారు. ఆ ఉమ్మడి శాఖకు పర్మనెంట్ సెక్రటరీగా వచ్చిన ఎమ్మాన్యుయెల్ తుముసీమె ముటెబిలె, తరువాత రెండు దశాబ్దాల పాటు కేంద్ర బ్యాంకు గవర్నరుగా కూడా పనిచేసిన వ్యక్తి, చేతిలో ఉన్న నగదుకు మించి ఖర్చును విడుదల చేయకూడదన్న నియమాన్ని కఠినంగా అమలు చేయించారు. పేదరిక నిర్మూలన కథలో ఈ ఘట్టాన్ని చాలామంది ఒక్క వాక్యంతో దాటేస్తారు. నిజానికి ఆ తరువాత జరిగినదంతా దీని మీదే నిలిచింది. బడ్జెట్‌లో రాసిన అంకె సంవత్సరాంతానికి నిజమవుతుందన్న నమ్మకం లేకపోతే, తమ డబ్బును ఆ బడ్జెట్‌లో కలపడానికి ఏ దాత దేశమూ ఒప్పుకోదు. ఒప్పుకోవాలని అడిగే హక్కు కూడా పుచ్చుకునే దేశానికి ఉండదు.

ప్రణాళిక, నిధి

1997లో ఉగాండా తన పేదరిక నిర్మూలన కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. పేద దేశాలన్నీ పేదరిక తగ్గింపు పత్రాలు రాయాలని ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతు పెట్టింది 1999లో. అంటే ఉగాండా పత్రం రెండేళ్లు ముందే వచ్చింది. 2000లో సవరించిన ప్రణాళిక సారాంశాన్నే ఆ రెండు సంస్థలు తమ షరతు కింద అంగీకరించవలసి వచ్చింది. ఎవరి పత్రం ఎవరు ఒప్పుకున్నారన్నది ఈ రంగంలో చిన్న విషయం కాదు.

సార్వత్రిక ప్రాథమిక విద్య కూడా 1997లోనే మొదలైంది. 1996 ఎన్నికల్లో ముసెవెని చేసిన వాగ్దానం అది. మొదట ఇంటికి నలుగురు పిల్లల వరకు ఫీజు లేకుండా చదువు అన్నారు. బడుల్లో చేరినవారి సంఖ్య ఒక్క ఏడాదిలో సుమారు 31 లక్షల నుంచి 53 లక్షలకు పెరిగింది. తరగతి గదులు లేవు, ఉపాధ్యాయులు చాలలేదు. నాణ్యత దెబ్బతింటుందన్న హెచ్చరిక అప్పుడే వినిపించింది, అది నిజమూ అయింది. కానీ ప్రజలు ఓటు వేసిన ప్రాధాన్యం కాబట్టి, కొత్తగా చేతికొచ్చే ప్రతి డబ్బుకూ మొదటి గమ్యం ఎక్కడో ముందే తేలిపోయింది.

ఆ డబ్బు రుణమాఫీ రూపంలో వచ్చింది. అధిక రుణభారం గల పేద దేశాల కోసం 1996లో మొదలైన, హిపిక్ అనే పొట్టిపేరు గల పథకం కింద 1998 ఏప్రిల్‌లో ఉపశమనం పొందిన మొదటి దేశం ఉగాండాయే. 2000లో రెండో విడత కూడా కలిశాక, అనేక సంవత్సరాల్లో చెల్లించవలసిన మొత్తంలో సుమారు 200 కోట్ల డాలర్ల భారం తగ్గింది. ఇలా మిగిలిన డబ్బు సైన్యానికో మంత్రుల వాహనాలకో పోదని దాతలకు చూపించవలసిన అవసరం ఏర్పడింది. దానికి ఆర్థిక శాఖ కనిపెట్టిన సాధనమే 1998 నాటి పేదరిక కార్యాచరణ నిధి.

పేరుకు నిధే గాని, అది వేరే బ్యాంకు ఖాతా కాదు. బడ్జెట్ లోపలే కొన్ని పద్దులకు వేసిన గుర్తు. ప్రాథమిక విద్య, ప్రాథమిక ఆరోగ్యం, గ్రామీణ తాగునీరు, గ్రామీణ రోడ్లు, వ్యవసాయ విస్తరణ వంటి పద్దులు దాని కిందికి వచ్చాయి. సంవత్సరం మధ్యలో ఆదాయం తగ్గినా ఈ పద్దుల్లో కోత వేయబోమని ప్రభుత్వం మాట ఇచ్చింది. రుణమాఫీ వల్ల మిగిలినది పూర్తిగా వీటికి అదనంగా చేరాలి. నిధిలో 5 శాతం పర్యవేక్షణకు, లెక్కల తనిఖీకి ప్రత్యేకించాలి. త్రైమాసిక నివేదికలు దాతలు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికల ముందు బహిరంగంగా చర్చకు రావాలి. బడ్జెట్‌లో ఆరో వంతుకు అటూఇటూగా ఉన్న ఈ పద్దుల వాటా కొద్ది ఏళ్లలో మూడో వంతును దాటింది.

ఈ రూపకల్పనలోని తెలివి ఏమిటంటే, దాతలు కోరే జవాబుదారీని ఇస్తూనే వేరే ప్రాజెక్టు కార్యాలయం, వేరే వాహనాలు, వేరే జీతాల పట్టిక అన్న ఉచ్చులో పడకుండా తప్పించుకోవడం. 2001లో దాతలతో కుదుర్చుకున్న భాగస్వామ్య సూత్రాల్లో ప్రభుత్వం తనకు ఏ రకం సాయం ఇష్టమో వరస పెట్టి రాసింది: అన్నింటికంటే పైన ఏ పద్దుకూ కట్టని సాధారణ బడ్జెట్ మద్దతు, తరువాత ఈ నిధికి ప్రత్యేకించిన మద్దతు, ఆ తరువాత రంగాలవారీ మద్దతు, అట్టడుగున విడి ప్రాజెక్టులు. సాయం ప్రభావం గురించిన పారిస్ ప్రకటన వచ్చింది 2005లో. పుచ్చుకునే దేశం తన ఇష్టాయిష్టాలను దానికి నాలుగేళ్ల ముందే అంత సూటిగా రాసిపెట్టడం అరుదు.

13 శాతం, ఆ తరువాత

కేటాయించిన డబ్బు గమ్యం చేరుతోందా అన్న ప్రశ్నకు సమాధానం ఈ నిధి పుట్టకముందే దొరికింది. 1991–95 మధ్య ప్రభుత్వం బడులకు విద్యార్థి తలసరి లెక్కన విడుదల చేసిన గ్రాంటులో వాస్తవంగా బడికి ఎంత చేరిందో 250 ప్రాథమిక పాఠశాలల్లో లెక్కకట్టారు. సగటున 13 శాతం. మిగిలినది జిల్లా స్థాయిలో ఇతర ఖర్చుల్లోనో ఇతర జేబుల్లోనో కలిసిపోయింది. దానితో జిల్లాలకు నెలనెలా విడుదల చేసే మొత్తాలను పత్రికల్లో ప్రచురించడం, బడి గోడ మీద రాయించడం మొదలైంది. 2001 నాటికి 80 శాతానికి పైగా డబ్బు బడులకు చేరుతోందని తరువాతి సర్వే చెప్పింది.

పారదర్శకత సాధించిన విజయంగా ఈ ఉదంతం ప్రపంచమంతా తిరిగింది. నాకు అందులో కొంత సందేహం ఉంది, ఇతర విశ్లేషకులూ అదే మాట అన్నారు. అదే కాలంలో గ్రాంటు విడుదల పద్ధతి మారింది, షరతులతో కూడిన గ్రాంటుగా నేరుగా జిల్లా విద్యా పద్దులోకి వెళ్లడం మొదలైంది, సార్వత్రిక విద్య వల్ల మొత్తమూ పెరిగింది, ఆర్థిక శాఖ దాని మీద కన్నువేసి ఉంచింది. ఇన్ని మార్పులు ఒకేసారి జరిగినప్పుడు కీర్తినంతా పత్రికా ప్రకటనకు కట్టబెట్టలేం. విడుదల పద్ధతి మార్చకుండా ప్రకటన ఒక్కటే అరువు తెచ్చుకున్న దేశానికి అదే ఫలితం రావాలని లేదు.

పేదలను అడిగినప్పుడు

1998–99లో తొమ్మిది జిల్లాల్లో గ్రామగ్రామానికి వెళ్లి పేదరికం గురించి పేదల మాటల్లోనే వినే కార్యక్రమాన్ని ఆర్థిక శాఖే నడిపించింది. అనారోగ్యం మనిషిని పేదరికంలోకి నెడుతోందని చాలాచోట్ల వినిపించింది. తాగునీరు ముందు వరసలో నిలవడంతో ఆ పద్దుకు కేటాయింపులు వెంటనే పెరిగాయి. దేశపు ఉత్తరాదిన తిరుగుబాటు సైన్యాల దాడుల మధ్య బతుకుతున్నవారికి బడి, రోడ్డు కంటే ముందు భద్రత కావాలన్న విషయమూ ఇక్కడే గట్టిగా పైకి వచ్చింది. 2000 నాటి సవరించిన ప్రణాళికలో భద్రత, సుపరిపాలన ఒక ప్రత్యేక స్తంభంగా నిలిచాయి. భద్రతను పేదరిక నిర్మూలనలో భాగంగా చూడడానికి దాతలు ఇబ్బంది పడ్డారు, ఎందుకంటే అది రక్షణ ఖర్చుకు దారి తీస్తుంది. వారి ఇబ్బందీ అర్థం చేసుకోదగినదే. అయితే శిబిరాల్లో మగ్గుతున్న లక్షలాది కుటుంబాలకు ప్రశాంతతే మొదటి పేదరిక నిర్మూలన పథకం.

2001 మార్చిలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రుసుములు రద్దయ్యాయి. అధ్యక్ష ఎన్నికల వేళ తీసుకున్న నిర్ణయమే అయినా, ఔట్ పేషెంట్ల తాకిడి వెంటనే పెరిగింది, పేదల వాటా అందులో ఎక్కువగా ఉంది.

డబ్బు ఎక్కువైతే

ఈ ఉదంతంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదేనని నా అభిప్రాయం. సాయాన్ని ఎక్కువ కోరవలసిన దేశం, కొంత సాయాన్ని వద్దనవలసి వచ్చిన సందర్భం ఇది.

దాతలు ఉచితంగా ఇచ్చే గ్రాంట్లను లెక్కలోకి తీసుకోకుండా చూస్తే ప్రభుత్వ లోటు 1997–98లో జీడీపీలో 6 శాతానికి కాస్త పైన ఉండేది. 2001–02 నాటికి 12 శాతం దాటింది. బడ్జెట్‌లో దాదాపు సగం దాతల డబ్బే. ఇది ఎలా పనిచేస్తుందో చూడాలి. దాత ఇచ్చిన డాలర్లు కేంద్ర బ్యాంకుకు చేరతాయి, ప్రభుత్వం వాటికి బదులు దేశపు సొంత కరెన్సీ అయిన షిల్లింగులు తీసుకుని ఉపాధ్యాయులకు, నర్సులకు జీతాలు ఇస్తుంది. దేశంలో చలామణి పెరుగుతుంది. దాన్ని వెనక్కి లాగకపోతే ధరలు పెరుగుతాయి. లాగడానికి కేంద్ర బ్యాంకు ముందు రెండు దారులు. డాలర్లను బజారులో అమ్మితే షిల్లింగు బలపడి కాఫీ, చేపలు, పూలు ఎగుమతి చేసేవారి రాబడి తగ్గుతుంది. ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వ స్వల్పకాలిక రుణపత్రాలు, అమ్మితే వడ్డీ రేట్లు పెరుగుతాయి, ప్రభుత్వ వడ్డీ భారం పెరుగుతుంది, బ్యాంకులు రైతుకో చిన్న వ్యాపారికో అప్పు ఇచ్చే శ్రమ మాని ప్రభుత్వ పత్రాలు కొని కూర్చుంటాయి. ఏ దారి పట్టినా ఆ భారం మోసేది పల్లెలోని ఉత్పత్తిదారుడే.

అందుకే ఆర్థిక శాఖ లోటును క్రమంగా తగ్గించాలనుకుంది, ఒక్కొక్క రంగానికి ఖర్చు పరిమితి పెట్టింది. సరిగ్గా ఆ సమయంలో ఎయిడ్స్, క్షయ, మలేరియా వ్యాధుల కోసం కొత్తగా ఏర్పడిన గ్లోబల్ ఫండ్ నుంచి గ్రాంటు వచ్చింది. 2002–03 ప్రాంతంలో ఆర్థిక శాఖ వైఖరి స్పష్టం: ఆ డబ్బు ఆరోగ్య రంగ పరిమితి లోపలే రావాలి, ఆ మేరకు ఇతర డబ్బు తగ్గాలి. గ్లోబల్ ఫండ్ నియమమూ అంతే స్పష్టం: తన డబ్బు అదనంగానే ఉండాలి. ఎయిడ్స్‌తో మనుషులు చనిపోతుంటే మారకపు రేటు గురించి వాదించే ఆర్థిక శాఖ మీద అంతర్జాతీయంగా తీవ్ర విమర్శ వచ్చింది.

ఇక్కడ ఇద్దరి వాదాన్నీ పద్దుల వారీగా విడదీసి చూడాలి. మందుల కొనుగోలుకు ఇచ్చిన డాలర్లు దిగుమతికే పోతాయి, దేశంలో షిల్లింగుల చలామణిని పెద్దగా పెంచవు. కాబట్టి ఆ మేరకు ఆర్థిక శాఖ భయానికి ఆధారం తక్కువ. జీతాలు, భత్యాలు, శిక్షణ శిబిరాలు, కార్యాలయాల ఖర్చు విషయంలో మాత్రం వారి వాదమే సరైనది. పైగా ఆ గ్రాంటు మూడేళ్లకో ఐదేళ్లకో ఆగిపోవచ్చు. ఆగినప్పుడు నియమించుకున్న నర్సు జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు దాత దగ్గర సమాధానం లేదు. చివరకు పరిమితిని సడలించారు. గ్రాంటు నిర్వహణకు ఆరోగ్య శాఖలో ఒక ప్రత్యేక ప్రాజెక్టు విభాగం ఏర్పడింది. 2005 ఆగస్టులో ఆ విభాగంలోనే దుర్వినియోగం బయటపడి, గ్లోబల్ ఫండ్ ఉగాండాకు ఇచ్చే గ్రాంట్లన్నింటినీ కొన్ని నెలలు నిలిపివేసింది, న్యాయమూర్తి జేమ్స్ ఒగూలా నేతృత్వంలో విచారణ సంఘం కూర్చుంది. ప్రభుత్వ యంత్రాంగం మీద నమ్మకం లేక పక్కన కట్టిన గది, ఆ యంత్రాంగం కంటే భద్రంగా ఏమీ లేదని తేలింది.

నిధి నీడలో

పేదరికం అంకెల్లో ఫలితం కాదనలేనిది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు 1992–93లో 56 శాతం. 1997–98లో 44 శాతం, 1999–2000లో సుమారు 34 శాతం. తరువాత గాలి మారింది: 2002–03లో అది 38 శాతానికి పైకి ఎగబాకింది. ఆదాయ అసమానతను చూపే జినీ సూచిక 0.43కు చేరింది. బడులు, ఆసుపత్రుల మీద ఖర్చు ఎన్నడూ లేనంత పెరిగిన సంవత్సరాల్లోనే ఇది జరిగింది. కాఫీ ధరలు అడుగంటడం, జనాభా ఏటా 3 శాతానికి పైగా పెరగడం, ఉత్తరాదిన యుద్ధం ఇందుకు కారణాలు. నా దృష్టిలో మరొకటి కూడా ఉంది. కోత నుంచి రక్షణ పొందిన పద్దుల్లో ఎక్కువ భాగం సేవలవి. ఆదాయం తగ్గినప్పుడు కోతంతా రక్షణ లేని పద్దుల మీదే పడింది. పెద్ద రహదారులు, విద్యుత్తు, నీటిపారుదల చాలావరకు వాటిలోనే ఉన్నాయి. 2005–06లో విక్టోరియా సరస్సు నీటిమట్టం పడిపోయి గంటల తరబడి కరెంటు కోతలు వచ్చేనాటికి దేశంలో పది ఇళ్లలో ఒకదానికి కూడా విద్యుత్ కనెక్షన్ లేదు.

జిల్లాల సంగతి మరొకటి. షరతులతో కూడిన గ్రాంట్లు డజన్ల కొద్దీ పుట్టుకొచ్చాయి. ఒక్కొక్కదానికి వేరే నివేదిక, వేరే మార్గదర్శకాలు. జిల్లా కౌన్సిల్ తన ప్రజలకు ఏది ముందు అని తేల్చుకునే స్థానం నుంచి, రాజధాని కంపాలా పంపిన పట్టికలు నింపే స్థానానికి దిగింది. 2005లో తలసరి పన్ను రద్దయ్యాక సొంత రాబడి మరీ కుంగింది. దాతల ముందు దేశం ఏ స్వేచ్ఛ కోసం వాదించిందో, ఆ స్వేచ్ఛను జిల్లాలకు ఇవ్వడానికి దేశం సిద్ధపడలేదు.

ఒప్పందం ఎలా విడిపోయింది

సాధారణ బడ్జెట్ మద్దతుకు ఒక బలహీనత ఉంది: రాజకీయంగా అసంతృప్తి కలిగినప్పుడు దాత వెంటనే ఆపగలిగిన సాయం అదే. 2005లో అధ్యక్షుడి పదవీకాల పరిమితి ఎత్తివేత, ప్రతిపక్షం మీద అణచివేతల నేపథ్యంలో బ్రిటన్, నార్వే, ఐర్లాండ్ వంటి దేశాలు తమ మద్దతులో కొంత నిలిపివేశాయి. ఆపడానికి వారి కారణాలు వారికి ఉన్నాయి. కానీ సంవత్సరం మధ్యలో కోత పడితే, కాపాడతామన్న పద్దులను కాపాడడానికి ప్రభుత్వం స్వదేశీ అప్పు చేయాలి. 2006లో ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలకు ఇవ్వవలసిన బహుపాక్షిక రుణాల మాఫీ వచ్చింది, అదే ఏడాది అల్బర్టీన్ లోయలో వాణిజ్య స్థాయి చమురు నిక్షేపాలు నిర్ధారణ అయ్యాయి. దాతల మాట వినవలసిన అవసరం తగ్గింది.

2010లో పేదరిక నిర్మూలన కార్యాచరణ ప్రణాళిక స్థానంలో జాతీయ అభివృద్ధి ప్రణాళిక వచ్చింది. అందులో ముందు వరస రోడ్లకు, విద్యుత్తుకు దక్కింది. ప్రభుత్వం తన చేతికి వచ్చిన స్వేచ్ఛతో మొదట ఎంచుకున్నవి ఇవే. 250 మెగావాట్ల బుజగలి జలవిద్యుత్ కేంద్రం 2012లో పూర్తయింది. 600 మెగావాట్ల కరూమా కేంద్రానికి, ఎంటెబ్బే ఎక్స్‌ప్రెస్ రహదారికి చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు ఇచ్చింది. ప్రాధాన్యం సరైనదే, అమలు మాత్రం నెమ్మదిగా, ఖరీదుగా సాగింది. కరూమా ప్రారంభోత్సవం 2024లో గాని జరగలేదు. ఈ అప్పుల మీద ఒకప్పటి త్రైమాసిక బహిరంగ సమీక్షల్లాంటి కన్ను ఏదీ లేదు.

2012లో ప్రధానమంత్రి కార్యాలయం ద్వారా ఉత్తరాది పునర్నిర్మాణానికి ఉద్దేశించిన దాతల డబ్బు దారి మళ్లిన సంగతి ఆడిటర్ జనరల్ నివేదికతో బయటపడింది. ఐర్లాండ్‌కు చెందిన 40 లక్షల యూరోలను ఉగాండా తిరిగి చెల్లించింది. బడ్జెట్ మద్దతు దాదాపు ఆగింది, దాతల డబ్బు మళ్లీ ప్రాజెక్టుల బాట, స్వచ్ఛంద సంస్థల బాట పట్టింది. 2001లో ప్రభుత్వం రాసుకున్న వరస తలకిందులైంది. దుర్వినియోగాన్ని పట్టుకున్నది దేశపు సొంత ఆడిట్ సంస్థే అన్న విషయానికి ఆ నిర్ణయాల్లో తగిన బరువు దక్కలేదు.

ఇప్పటి స్థితి

2022లో మొదలైన పారిష్ అభివృద్ధి నమూనా కింద, కొన్ని గ్రామాలు కలిసిన పాలనా విభాగాలైన 10 వేలకు పైగా పారిష్‌లలో ఒక్కొక్కదానికి ఏటా 10 కోట్ల షిల్లింగులను ప్రభుత్వం సొంత బడ్జెట్ నుంచి స్థానిక పొదుపు సంఘాల ద్వారా అప్పుగా తిప్పుతోంది. లబ్ధిదారుల ఎంపికపై, తిరిగి వసూలుపై విమర్శలు ఉన్నాయి. కానీ వాటి మీద వాదన పార్లమెంటులో, రేడియోలో, పారిష్ సమావేశాల్లో జరుగుతోంది, దాతల సమీక్షా మిషన్ ముందు కాదు.

ఆరోగ్యం సంగతి దీనికి భిన్నం. ఎయిడ్స్ చికిత్సకు అవసరమైన ఖర్చులో అత్యధిక భాగం రెండు దశాబ్దాల పాటు అమెరికా కార్యక్రమాల నుంచి, గ్లోబల్ ఫండ్ నుంచి, ఎక్కువగా బడ్జెట్ పక్కనుంచే వచ్చింది. లక్షల మంది దాని వల్లే బతికి ఉన్నారు. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సాయాన్ని స్తంభింపజేసినప్పుడు, ప్రత్యేక హెచ్ఐవీ, క్షయ క్లినిక్‌లను మూసి ఆ సేవలను సాధారణ ఔట్ పేషెంట్ విభాగాల్లో కలపమని ఆరోగ్య శాఖ ఫిబ్రవరిలో ఆసుపత్రులకు ఆదేశాలు ఇచ్చింది. గ్రాంటు ఆగితే నర్సు జీతం ఎవరిస్తారని 2002–03లో ఆర్థిక శాఖ అడిగిన ప్రశ్నకు బడ్జెట్‌లో ఇప్పుడు పద్దు వెతుకుతున్నారు. ఇలాంటి గ్రాంటు ఒప్పందాలను పరిశీలించే అధికారులు మందుల కొనుగోలు, జీతాలు, కార్యాలయ నిర్వహణ అనే మూడు పద్దులను మొదటి ఏడాదే విడదీసి, జీతాల పద్దు ఏ సంవత్సరం నుంచి ప్రభుత్వ పట్టికలోకి మారుతుందో ఒప్పందంలోనే రాయించుకోవాలని సిఫారసు చేస్తున్నాను.